పరీక్షకు ఒప్పుకోకపోతే దొంగ అనుకుంటారా?

ప్రశ్న: మా తమ్ముడు పనిచేసే గోడౌన్‌లో తాళం పగలగొట్టి దొంగతనం చేశారు. పోలీసులు వాణ్ణి పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్షకు రమ్మంటున్నారు. ‘ఇది అబద్ధాలు పట్టేది కాదు, దొంగకు తెలిసిన సంగతులు మీవాడికీ తెలుసా అని లెక్క కట్టి చెబుతుంది’ అంటున్నారు. రానంటే అనుమానం పెరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ తమ్ముడికి ఇష్టం లేకపోతే ఈ పరీక్ష చేయడానికి వీల్లేదు. సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. నిందితుణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణం, వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం అతనికి అండగా ఉన్నాయి. రానన్నంత మాత్రాన అది నేరానికి సాక్ష్యం కాదు.

ఇక ఆ లెక్క సంగతి. 1959లో డేవిడ్ లిక్కెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి ఇది. ‘తాళం దేంతో పగలగొట్టారు?’ అని అడిగి కత్తి, సుత్తి, గునపం, రంపం, గొడ్డలి, ఉలి అని వరసగా వినిపిస్తారు. మొదటి మాటకు ఎవరైనా కాస్త ఉలిక్కిపడతారు కాబట్టి దాన్ని వదిలేస్తారు. మిగతా అయిదింటిలో దేనికి వేళ్ల మీద చెమట ఎక్కువ పట్టిందో చూస్తారు. కొందరి చేతులకు మామూలుగానే చెమట ఎక్కువ. అందుకే పక్కవాడితో కాకుండా అతని సగటుతోనే అతన్ని పోలుస్తారు. ఏమీ తెలియనివాడికి అసలు పనిముట్టు దగ్గరే ఎక్కువ చెమట పట్టే అవకాశం 5లో 1. అలాంటి ప్రశ్నలు ఆరింటికి ఆరూ కుదిరే అవకాశం 15,625లో 1.

ఈ అంకె చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ అది చెప్పేది ‘తెలియనివాడికి ఇలా కుదరడం అరుదు’ అని మాత్రమే. ‘దొంగతనం చేసింది ఇతనే’ అని కాదు. మీ తమ్ముడు అక్కడే పనిచేస్తాడు. పొద్దున్నే వెళ్లి విరిగిన తాళం, పక్కన పడున్న గునపం చూసి ఉంటే? ఆ సంగతి పేపర్లో వచ్చి ఉంటే? విచారణలో ఎవరో ‘గునపం ఎక్కడ దాచావురా’ అని ముందే నోరు జారి ఉంటే? వీటిలో ఏది జరిగినా ఆ ప్రశ్న పాడైపోయినట్టే, 15,625 అనే లెక్కకు విలువ పోయినట్టే. కాబట్టి అతను ఏం చూశాడో, ఎవరి నోట ఏం విన్నాడో తేదీలతో సహా ఇప్పుడే రాసి మీ లాయరుకు ఇవ్వండి.

ఇష్టపడి వెళ్లినా ఆ రిపోర్టు దానంతట అది సాక్ష్యంగా చెల్లదు. అలాగని తేలిగ్గా తీసుకోకండి. పరీక్షలో బయటపడ్డ సంగతి ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే అది కోర్టుకు రావచ్చు. పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఇప్పుడు ఆ నిబంధన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లో ఉంది.

నన్నడిగితే, ఆ గోడౌన్‌లోనే పనిచేసేవాణ్ణి నేను పంపను. వెళ్తానని అతనే పట్టుబడితే, లాయరును వెంటబెట్టుకుని మెజిస్ట్రేటు ముందే సమ్మతి ఇవ్వాలి. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టొద్దనండి.