పాడేరు వెళ్ళబోయే అమ్మడికి

చిరంజీవి అమ్మడికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

పాడేరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో నీకు లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందనీ, జూన్‌లో చేరబోతున్నావనీ నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. నా సంగతీ అదే. గుండె వాల్వు మార్పించుకుని ఏడాదైనా నిండని పిల్ల ఘాట్ రోడ్డెక్కి ఒంటరిగా ఉండబోతోందని తలుచుకుంటే నిద్ర పట్టలేదు. ఆ పిల్ల మా ఇంటి పిల్లేనని తెల్లవారుజామున ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా.

వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 1996లో నాకు మైట్రల్ వాల్వు, అదే గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు, మార్చేనాటికి నా వయసు ముప్ఫై నాలుగు, మీ బావకు తొమ్మిదేళ్ళు. బంధువులందరూ కూడబలుక్కున్నట్టు ఉద్యోగం మానేయమన్నారు. నేను మానలేదు, పదవీ విరమణ చేసే దాకా నిలబడే పాఠం చెప్పాను. కనుక నిన్ను ఆపే హక్కు నాకు లేదు. వాల్వు మార్చాక మనిద్దరం రోజూ వేసుకునే మాత్ర గురించి మాట్లాడే హక్కు మాత్రం ఉంది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఆ మాత్రను, అదే అసిట్రోమ్‌ను, రోజూ ఒకే వేళకు, సాయంత్రం వేసుకో; ఉదయం రక్తపరీక్ష చేయించుకుంటే, డాక్టరు మోతాదు మార్చినా ఆ పూట నుంచే మార్చుకోవచ్చు. నేను దీపం పెట్టగానే మాత్ర వేసుకుని, గోడ మీది క్యాలెండర్‌లో ఆనాటి తేదీని కొట్టేస్తాను. మరిచిపోయిన మాత్ర ఆ రాత్రే గుర్తొస్తే వేసుకో, మర్నాడు గుర్తొస్తే వదిలెయ్యి. రెండు రోజులవీ కలిపి ఎన్నడూ వేసుకోకు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవచ్చు కాబట్టి నెలన్నరకు సరిపడా మాత్రలు దగ్గర ఉంచుకో. ఉండడానికి గది వెతుక్కునే ముందు పీటీ ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చూసే పరీక్ష, చేసే ల్యాబు ఎక్కడ ఉందో కనుక్కో, దొరికాక ఊరికే ల్యాబులు మార్చకు.

ఇక అసలు సంగతి. మన వాళ్ళు ఈ మందును ‘రక్తం పలచబడే మాత్ర’ అంటారు. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన దానిగా నాకు ఆ మాట మీద కోపం ఉంది. ఈ మాత్ర వల్ల రక్తం మజ్జిగలా పలచబడదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలలో నాలుగింటిని మన కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. మాత్ర ఆ పనికి అడ్డుపడుతుంది, అంతే. మాత్ర వేసుకోని మనిషికి ఐఎన్ఆర్ ఇంచుమించు ఒకటి ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్న నీకూ నాకూ అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలన్నారు. అయితే ‘పలచన’ అన్న మాట ఒకసారి చెవిన పడితే మనసు దాని వెంటే పోతుంది. చిన్న గీత పడినా కుళాయి తిప్పినట్టు రక్తం పోతుందనే భయం పట్టుకుంటుంది. నేను చేసిన తప్పు ఆ భయంలోంచే పుట్టింది.

2004 ఆగస్టులో నా కింది దవడ పన్ను ఒకటి వారం రోజుల పాటు సలిపింది. మా బడిలో ఒక టీచరమ్మ, మంచి మనిషే, “నీ రక్తం అసలే నీళ్ళలా ఉంటుంది కదా, నాలుగు రోజులు మాత్ర ఆపి వెళ్ళు, లేకపోతే కుర్చీలోనే ప్రాణం పోతుంది” అంది. నేను గుండె డాక్టరును అడగలేదు. విశాఖ వెళ్ళి రావాలంటే ఒక రోజు సెలవూ బస్సు ఖర్చూ అవుతాయని లెక్క వేసుకున్నాను. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి, వాల్వు ఉందంటే పన్ను పీకనంటాడేమోనని పన్ను డాక్టరుకు ఆ మాటే చెప్పలేదు. నాలుగు రోజులు మాత్ర మానేసి పన్ను పీకించుకున్నాను. రక్తం ఇట్టే ఆగిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి, పుండు పూర్తిగా మానే దాకా ఎందుకైనా మంచిదని మరో ఐదు రోజులు మాత్ర ముట్టలేదు. అసిట్రోమ్ ప్రభావం మానేసిన రెండు మూడు రోజులకే పోతుందని అప్పుడు నాకు తెలియదు. అంటే ఆ తొమ్మిది రోజులలో చాలా భాగం నా వాల్వుకు కాపలా లేదన్నమాట.

పదో రోజు ఉదయం తొమ్మిదో తరగతికి పద్యం చెబుతున్నాను. పదిహేనేళ్ళుగా నిద్రలో లేపి అడిగినా చెప్పగల పద్యం అది. మొదటి పాదం చదివాను, రెండో పాదం రాలేదు. మరిచిపోవడం వేరు, ఇది వేరు. పద్యం లోపల కనిపిస్తూనే ఉంది, నోటి దాకా వచ్చేసరికి అక్షరాలు కలగాపులగం అయిపోతున్నాయి. బోర్డు మీద రాద్దామని చెయ్యి ఎత్తబోతే సుద్దముక్క జారిపడింది. వంగి కుడిచేత్తో తీయబోయాను, వేళ్ళు మూసుకోలేదు. పిల్లలు నవ్వారు, నేను అప్పుడప్పుడూ వాళ్ళను నవ్వించడానికి నటించేదాన్ని, అదీ అలాంటిదే అనుకున్నారు. ముందు బల్ల మీద కూర్చున్న ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. నా మూతి వైపు చూసి, లేచి, హెడ్మాస్టరు గది వైపు పరుగెత్తింది.

నలభై నిమిషాలకు మాట తిరిగి వచ్చింది, సాయంత్రానికి చేతిలోకి పట్టు వచ్చింది. విశాఖలో పరీక్ష చేస్తే ఐఎన్ఆర్ ఒకటీ పాయింట్ రెండు. వాల్వు మీద కట్టిన చిన్న గడ్డ ముక్క మెదడుకు పోయి, అదృష్టం బాగుండి కరిగిపోయిందని డాక్టరు చెప్పి, మాత్రతో ఐఎన్ఆర్ మళ్ళీ పెరిగే దాకా, గడ్డకట్టకుండా వెంటనే పనిచేసే హెపారిన్ సూది మందు ఇచ్చారు. ఆయన నన్ను తిట్టలేదు. “పన్ను దగ్గర రక్తం కారితే గుడ్డ పెట్టి నొక్కేవాళ్ళం, కుట్టు వేసేవాళ్ళం. ఇక్కడ ఎలా నొక్కుతామమ్మా?” అని తన కణతను వేలితో చూపించారు.

మీ నాన్న ఆ రాత్రి ఆసుపత్రి నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. “అక్కా, నీలో గడియారం ఆగలేదు కదా” అని చీకట్లో రెండుసార్లు అడిగాడు. నీ వాల్వు చప్పుడు కూడా పక్క మీద ఎడమవైపు తిరిగి పడుకుంటే వినబడుతుందన్నావు కదా. చిరాకు పడకు, రోజూ పడుకోబోయే ముందు ఒక నిమిషం విను. అది మందగించినట్టో మూగబోయినట్టో అనిపించినా, ఆయాసం వచ్చినా, తెల్లవారే దాకా ఆగవద్దు.

రక్తస్రావం మాటేమిటని అడుగుతావు. అదీ నిజమైన ప్రమాదమే. విరేచనం తారులా నల్లగా అయినా, తలకు దెబ్బ తగిలినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి; నెలసరిలో రక్తం మరీ ఎక్కువగా పోతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఏది జరిగినా మాత్ర ఆపాలో తగ్గించాలో వాళ్ళు చెప్పాలి, నువ్వు కాదు.

అక్కడ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది జ్వరం. ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, దోమతెర లేకుండా పడుకోకు. జ్వరం రాగానే ఎవరో ఒకరు ప్రేమతో ఆర్.ఎం.పి.ని పిలుచుకు వస్తారు, ఆయన సూది బయటకు తీస్తాడు. కండకు వేసే సూది వద్దని చేతులు జోడించి చెప్పు. లోపల రక్తం గూడుకట్టి కాలు కదపలేని స్థితి రావచ్చు. డైక్లోఫెనాక్, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు నీ డాక్టరు రాయనిదే వేసుకోకు. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ రోజుల తరబడి వేసుకుంటే అదీ ఐఎన్ఆర్‌ను పెంచుతుంది. మెట్రోనిడజోల్ వంటివి ఇంకా బాగా పెంచుతాయి, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ పడగొడుతుంది. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఆపినా నాలుగైదు రోజులలో పరీక్ష చేయించుకో. జ్వరం తగ్గకపోతే వాల్వుకే క్రిములు పట్టాయేమో చూడాలి. ఆ పరీక్షకు రక్తం తీయకముందే యాంటీబయాటిక్ మింగితే క్రిమి దొరక్కపోవచ్చు.

ఆకుకూరలు మానేయమని నీకు పది మంది చెబుతారు, వినవద్దు. మునగాకు, తోటకూర, గోంగూర అన్నింటిలోనూ విటమిన్ కె ఉన్న మాట నిజమే. అయితే వారానికి ఎంత తింటావో ఎప్పుడూ ఇంచుమించు అంతే తింటే డాక్టరు దానికి తగ్గట్టు మాత్ర సర్దుతారు. సంతలో చవకగా దొరికిందని వారమంతా తోటకూర తిని, మరుసటి వారం పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటేనే చిక్కు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటానని మీ అమ్మకు మాట ఇచ్చావట. వద్దు. మీ అమ్మకు నేను చెబుతాను. జీలుగు కల్లు సంగతి నీకు చెప్పనక్కర లేదనుకుంటాను, అయినా చెప్పానని గుర్తుంచుకో.

మీ అమ్మే ఇంకొకటి కూడా అడిగింది: ఇది ఎలుకల మందట కదా, రక్తపరీక్షలు అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయట కదా అని. మన మాత్రకు దగ్గరి చుట్టమైన వార్ఫరిన్‌ను 1948లో అమెరికాలో ఎలుకల మందుగా అమ్మినది వాస్తవమే. 1954 నుంచి మనుషులకు ఇస్తున్నారు. మోతాదు తెలిసి వాడితే మందు, తెలియకపోతే విషం, అందుకే ఆ పరీక్ష. కొత్త మాత్రలు చాలామందికి మంచివే కానీ మన బోటి లోహపు వాల్వుల వాళ్ళకు కావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి వాళ్ళ మీద పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై 2012లో మధ్యలోనే ఆపేశారు. మరొకటైన అపిక్సాబాన్‌తో చేసిన పరీక్ష కూడా 2022లో మధ్యలోనే ఆగిపోయింది.

పెళ్ళి మాట నేను ఎత్తడం లేదు, ముఖం ముడుచుకోకు. ఎప్పుడైనా నీకు బిడ్డ కావాలనిపిస్తే, నెల తప్పాక కాదు, అంతకు ముందే గుండె డాక్టరునూ ప్రసవాల డాక్టరునూ కలువు. ఈ మాత్ర కడుపులో బిడ్డకు, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా, హాని చేయవచ్చు. భయపడి నీ అంతట నువ్వే మానేస్తే నీ ప్రాణానికి ముప్పు. దారి ఉంది, అది వాళ్ళు చూపించాలి. నాకు మీ బావ ఆపరేషన్‌కు ముందే పుట్టాడు కనుక ఈ కష్టం తెలియదు; తెలియని చోట నీకు తోడు రాలేనేమోనని ఇప్పటి నుంచే బెంగ.

ఇక చివరి మాట. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు అరిసెను ఒకవైపే నములుతున్నావు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నావు. నేను కూడా ఆనాడు అందరితో అదే చెప్పాను. వచ్చే మంగళవారం విజయనగరం వస్తున్నాను. ముందు నీ గుండె డాక్టరును అడుగుదాం, ఐఎన్ఆర్ చూపిద్దాం. పన్ను డాక్టరుకు వాల్వు సంగతీ మాత్ర సంగతీ గుమ్మంలోనే నేను చెబుతాను. సాధారణంగా మాత్ర ఆపకుండానే పీకుతారు. ఒక గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు, కావలసి వస్తే కుట్టు వేసి, దూది పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంటారు. అది అయ్యాకే నువ్వు పెట్టె సర్దుకోవడం. ఆ సాయంత్రం దీపం పెట్టాక డాక్టరు వేసుకోమన్న మాత్ర నువ్వూ, నా మాత్ర నేనూ వేసుకుందాం. నీ కొత్త క్యాలెండర్ కూడా నేనే తెస్తున్నాను.

ఇట్లు,
మీ మేనత్త