జపాన్ రైల్లో ఫోన్ మాట్లాడితే నేరమా?

నేరం కాదు, జరిమానా కూడా ఉండదు, కానీ అక్కడివాళ్ళ లెక్కలో అది పక్కవాళ్ళను ఇబ్బంది పెట్టే పని. రైలు పెట్టె అందరిదీ కాబట్టి ఒకరి సొంత మాటలు మిగతావాళ్ళ చెవిన పడకూడదని వాళ్ళ పద్ధతి. అందుకే ఫోన్ సైలెంట్‌లో పెట్టి కాల్స్ మానుకోమని రైల్లోనే అనౌన్స్‌మెంట్ వస్తుంది. సైలెంట్ మోడ్‌ని వాళ్ళు పిలిచేదే 'మేనర్ మోడ్' అని!

మన దగ్గర మర్యాద ఇంకోవైపు నుంచి మొదలవుతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోతుంటే అమ్మ ఫోన్ చేసిందనుకోండి, ఎత్తకపోతే ఇంట్లో టెన్షన్, కట్ చేస్తే పెద్దవాళ్ళను లెక్కచేయనట్టు, అందుకే "చంద్రగిరి దాటినామమ్మా" అని అక్కడే చెప్పేస్తాం, పక్కసీటాయన కూడా పెద్దగా పట్టించుకోడు. అదే కాల్ బుల్లెట్ రైల్లో వస్తే, లేచి రెండు పెట్టెల మధ్య తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడతారు.

చాలామంది పొరపడేది ఏమిటంటే, జపాన్ వాళ్ళు రైల్లో ఫోనే ముట్టరని. ముట్టకపోవడమేమిటి, మెసేజ్‌లు, గేమ్‌లు, వీడియోలు అన్నీ నడుస్తాయి, శబ్దం బయటికి రాకూడదు అంతే. మనవాళ్ళకు ఫోన్ మర్యాదే తెలియదనడం కూడా నాకు అన్యాయంగా అనిపిస్తుంది. తిరుమలలో దర్శనానికి వెళ్ళేముందు ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చేసి పోతున్నాం కదా. మనకు గుడి దగ్గర ఉన్న పట్టింపు వాళ్ళకు రైల్లో ఉంది.