దూరం నుంచి బ్రిటిష్ ఇంజన్లు కొనే మేనల్లుడికి

చి. కార్తీక్‌కి,

నువ్వు కొందామనుకుంటూ పంపిన మూడు బ్రిటిష్ మోడల్ రైలింజన్ల ఫొటోలూ చూశాను. మూడూ బాగున్నాయి, మూడింటినీ ఇప్పుడే కొనకు. ముఖ్యంగా ఆ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ సెట్టు. పట్టాలు, పెట్టెలు, కంట్రోలరు అన్నీ కలిపి చవగ్గా వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ ఆ అట్టపెట్టె బరువంతటికీ విజయవాడ దాకా విమానం ఛార్జీ కట్టేది నువ్వు, లోపల ఉండే గుండ్రటి పట్టాల మీద నెల తిరక్కుండా నీకు విసుగొస్తుంది, పైగా దాని కంట్రోలరు ప్లగ్గు మన గోడకి పట్టదు. ఇంజన్ విడిగా కొనుక్కో.

ఇంగ్లండులో ఉన్నవాడికి కొన్న ఇంజన్ నడవకపోతే పెద్ద బాధ లేదు, షాపుకి తీసుకెళ్లి ఇచ్చేసి వస్తాడు. మనం ఇక్కణ్ణుంచి వెనక్కి పంపాలంటే పోస్టు ఖర్చు, కస్టమ్స్ కాగితాలు, రెండు నెలల టెన్షన్. అందుకని నువ్వు ముందు చూడాల్సింది దాని రంగో పేరో కాదురా, ఇది చెడిపోతే నేను విప్పగలనా, లోపలి ముక్క దొరుకుతుందా అన్నది. నేను కింద రాసేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొలతల సంగతి. నీ దగ్గరున్న జర్మన్ పెట్టెలు హెచ్‌ఓ, అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు. బ్రిటిష్ ఇంజన్లు ఓఓ, అడుగుకి 4 మిల్లీమీటర్లు, 1:76. రెండూ అదే 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద నడుస్తాయి కాబట్టి కలిపి తిప్పొచ్చు, కానీ పక్కపక్కన పెడితే చూడ్డానికి బాగోదు. ఇలా ఎందుకు అయిందంటే, అసలు బ్రిటిష్ రైళ్లు యూరప్ రైళ్ల కంటే సన్నవి, వాటిని 1:87కి తగ్గిస్తే ఆ రోజుల్లో దొరికే మోటార్లు బాయిలర్‌లో పట్టేవి కావు, అందుకని పైభాగం మాత్రం పెద్దది చేసి పట్టా అదే ఉంచారు. దానివల్ల బ్రిటిష్ మోడల్ ఇంజన్ల కింద పట్టా ఎప్పుడూ ఇరుకుగానే కనిపిస్తుంది. అది చూసి కడుపు మండినవాళ్లు 18.2 మిల్లీమీటర్ల ఈఎమ్‌కీ, 18.83 మిల్లీమీటర్ల పీ4కీ వెళ్లారు. నువ్వు ఇప్పుడే వెళ్లకు, ప్రతి ఇంజన్‌కీ చక్రాలు మార్చాలి, పట్టాలు చీలే ప్రతి పాయింటూ చేత్తో కట్టుకోవాలి. ఎన్ అనే ఇంకా చిన్న కొలతలో కూడా ఇలాంటి తేడానే ఉంది, బ్రిటిష్ ఎన్ 1:148, యూరప్, అమెరికాలది 1:160.

పట్టాలు కోడ్ 100 తీసుకో, అంటే పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు. కోడ్ 75 చూడ్డానికి బాగుంటుంది గానీ పాత ఇంజన్ల చక్రాల అంచులు లోతుగా ఉండి స్లీపర్ల మీద ఉండే కొక్కేలకి టకటకా కొట్టుకుంటాయి. మలుపు కనీసం సెకండ్ రేడియస్, 438 మిల్లీమీటర్లు. ఇప్పటి పెద్ద ఇంజన్లు చాలావరకు దానికంటే తక్కువలో తిరగవు, తిరిగినా కింద తగిలించే చిన్న చిన్న పైపులు తీసేయాల్సి వస్తుంది.

ఇక డబ్బు. కొత్త ఆవిరి ఇంజన్ 200 పౌండ్లు దాటడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే అక్కడి ధరల్లో 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది, దేశం బయటికి పంపేటప్పుడు కొన్ని షాపులు అది తీసేస్తాయి. 180 పౌండ్ల ఇంజన్ 150కి వస్తుందన్నమాట. అన్నీ తీయవు, సెకండ్‌హ్యాండ్ వాటికి సాధారణంగా ఇది ఉండదు, ముందే అడుగు. అలా మిగిలింది చూసి మురిసిపోకు, మన దగ్గర బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు, ఆ పైన జీఎస్టీ. చిన్న పార్శిల్‌ని ఏ పద్దు కింద లెక్కేస్తారన్నది అక్కడ కూర్చున్న అధికారి చేతిలో ఉంటుంది, కాబట్టి ఇంజన్ ధర ఇక్కడికి వచ్చేసరికి దాదాపు రెట్టింపు అవుతుందని లెక్క వేసుకునే కొను. తక్కువ పడితే ఆనందించు. విలువ తగ్గించి రాయమని అమ్మేవాణ్ణి మాత్రం అడగొద్దు, పట్టుబడితే జరిమానా, దారిలో పోతే బీమా కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది. పెద్దల సేకరణ కోసం చేసిన స్కేల్ మోడల్ అని ఉన్నదున్నట్టు రాయమను.

పాతవి కొనేటప్పుడు ఏ కాలంది అన్నదే సగం సమాచారం. ట్రైయాంగ్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల 1950లు, 60ల నాటి ఇంజన్లలో ఎక్స్‌04 అని తెరిచి ఉండే మోటార్ ఉంటుంది. అంత మొరటు మోటార్ ఇంకోటి లేదు, అంత నమ్మకమైందీ లేదు. బ్రష్షులు, స్ప్రింగులు ఇప్పటికీ దొరుకుతాయి. కాలం గడిచేకొద్దీ అయస్కాంతం బలం తగ్గి కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. దాని స్థానంలో చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెడితే మళ్లీ లేచి కూర్చుంటుంది. నేర్చుకోడానికి నీకు మొదట ఇలాంటిదే కావాలి, పాడుచేసినా ప్రాణం గిలగిల్లాడదు. హార్న్‌బీ డబ్లో పేరుతో 1938 నుంచి వచ్చినవి లోహంతో చేసినవి, గట్టివి. కానీ అందులో చాలావాటికి మధ్యలో మూడో పట్టా కావాలి, రెండు పట్టాల డబ్లో 1959లోగానీ రాలేదు. ఫొటోలో పైభాగం చూసి మోసపోకుండా అడుగుభాగం ఫొటో అడుగు.

1970ల చివర నుంచి మెయిన్‌లైన్ పేరుతో వచ్చినవాటిలో ఛాసిస్‌ని, అంటే కింది చట్రాన్ని, నిలువునా రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్క గుండా ఒక్కో వైపు కరెంటు పంపేవారు. ఇరుసు మధ్యలో ప్లాస్టిక్ ముక్క, అదీ గేరూ కాలంతో పగులుతాయి. పైభాగం ఎంతో అందంగా ఉంటుంది, లోపల ఇదీ సంగతి. ఇక్కణ్ణుంచి కొనేవాడికి ఇది మంచి బేరం కాదు, ఛాసిస్ వేరే తెచ్చి పెట్టుకునే ఓపిక ఉంటే తప్ప. లిమా కంపెనీ డీజిల్ ఇంజన్లు దీనికి తలకిందులు: లోపలి మోటార్ గోలగోలగా ఉంటుంది, కానీ పైభాగం చవక, ఆకారం చాలావాటిలో సరిగ్గా ఉంటుంది, ఆ మోటార్ స్థానంలో పాత సీడీ డ్రైవ్‌లోని మోటార్ పెట్టి నడిపేవాళ్లు బోలెడుమంది. సీడీ మోటార్లు చాలావరకు తక్కువ వోల్టేజివి, 12 వోల్టులు నేరుగా ఇచ్చి గంటలకొద్దీ పరిగెత్తించకు. కోఠి గుజరాతీ గల్లీలో పాత డ్రైవ్‌లు దొరుకుతాయి, హైదరాబాద్ వచ్చినప్పుడు నాతో రా.

అన్నిటికంటే భయపడాల్సింది మజాక్ కుళ్లు. ఛాసిస్ పోతపోసే జింకు మిశ్రమాన్ని మజాక్ అంటారు, అందులో సీసం లాంటిది కొంచెం కలిసినా, ఏళ్ల తరబడి లోపల్లోపలే ఉబ్బి, వంగి, పగిలిపోతుంది. పాతవాటికే వస్తుందనుకోకు, 2000 తర్వాతి డీజిల్ మోడళ్లలోనూ కొన్నిటికి వచ్చింది. దీనికి మందు లేదు, తేమ ఎక్కువున్నచోట ఇంకా వేగంగా పెరుగుతుంది, కృష్ణ ఒడ్డున తేమ గురించి నీకు నేను చెప్పాలా. చక్రాల వరుసని పక్కనుంచి తీసిన ఫొటో అడుగు, ఛాసిస్ అరటికాయలా వంగి ఉన్నా, బఫర్ల దగ్గర పైభాగం ఎత్తి పట్టినట్టున్నా వదిలేయ్. అమ్మేవాడు స్పేర్స్ ఆర్ రిపేర్ అని రాస్తే నడవదని అర్థం, మర్యాదగా చెప్పాడంతే. నడుస్తుంది అంటే, నెమ్మదిగా నడుస్తున్న వీడియో పంపమను, వేగంగా ఏదైనా పరిగెత్తుతుంది.

ఇక మార్పులు. పార్శిల్ వచ్చిన వెంటనే రంగు డబ్బా మూత తీయకు. అరగంట ఇటు, అరగంట అటు నడుపు. ఎండిపోయిన గ్రీజు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ప్లాస్టిక్‌ని తినని పల్చటి నూనె సూది మొనతో ఒక్క చుక్క. కొబ్బరినూనె వద్దు, మీ నాన్న అన్నిటికీ కొట్టే ఆ స్ప్రే అసలే వద్దు. తర్వాత కప్లింగులు: బ్రిటిష్ వాళ్ల టెన్షన్‌లాక్ కొక్కేలు పెద్దగా, అసహ్యంగా ఉంటాయి, కప్లింగు గుచ్చడానికి ఎన్ఈఎమ్ జేబు అనే ప్రామాణిక తొర్ర ఉన్న ఇంజనైతే కేడీ కంపెనీ కప్లింగుల్లో 17 నుంచి 20 దాకా నంబర్లలో సరిపోయే పొడవు చూసి గుచ్చేయడమే, సాల్డరింగ్ కూడా అక్కర్లేదు. నీ జర్మన్ పెట్టెలకీ అవే పెట్టుకుంటే అన్నీ కలుస్తాయి.

నంబరు మార్చడం దగ్గర అసలు సరదా ఉంది, కాస్త చదువు కూడా కావాలి. బ్లాక్ ఫైవ్‌నే తీసుకో. ఎల్ఎంఎస్ అనే పాత బ్రిటిష్ రైల్వే కంపెనీ డిజైన్ చేసిన ఆవిరి ఇంజన్లు అవి, మొత్తం 842, బ్రిటిష్ రైల్వేస్ నంబర్లు 44658 నుంచి 45499 దాకా. నీకు నచ్చిన నంబరు వేసేయొచ్చు అనుకుంటావు, కుదరదు. మొదటి బ్యాచ్‌ల బాయిలర్ మీద డోమ్, అంటే బోర్లించిన గిన్నెలాంటి బుడిపె, లేదు, తర్వాత వాటికి వచ్చింది, మరమ్మతులకి వెళ్లినప్పుడు బాయిలర్లు ఒకదానివి ఒకదానికి మార్చేవారు. కాబట్టి ఏ ఇంజన్ అన్నదే కాదు, ఏ సంవత్సరం అన్నది కూడా తేల్చుకుని తేదీ ఉన్న ఫొటో దగ్గర పెట్టుకో. ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ మీద ముద్ర కూడా అంతే, చక్రం మీద నిలబడ్డ సింహం ఉంటే 1956కి ముందుది, ఆ తర్వాత కిరీటం నుంచి లేచే సింహం. నేనైతే 45025 వేశాను. అది వల్కన్ ఫౌండ్రీలో 1934లో కట్టినది, ఇప్పటికీ స్కాట్లండ్‌లో భద్రంగా ఉంది. బొంబాయి–ఠాణే మొదటి రైలు కోసం ఇంజన్లు కట్టి పంపింది కూడా ఆ ఫౌండ్రీయే. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో జీవితం గడిపినవాడికి ఆ నంబరు మీద మోజు ఉండదా మరి.

పాత అంకెలు తీయడానికి ఎనామెల్ థిన్నర్ కొద్దిగా అద్దిన టూత్‌పిక్‌తో ఓపిగ్గా రుద్దు, కింద రంగు కనిపించే లోపు ఆపు. కొత్త అంకెలు అంటించే ట్రాన్స్‌ఫర్లు, రేకు పేరుఫలకాలు కవర్లో పోస్టులో హాయిగా వస్తాయి. రంగులు మాత్రం రావు, స్ప్రే డబ్బాలు, మండే ఎనామెల్ రంగులు విమానంలో పంపనివ్వరు. ఎన్నో షాపులు డబ్బు తీసుకున్నాక ఈ మాట చెప్తాయి. ఇక్కడ దొరికే అక్రిలిక్‌లతో బ్రన్స్‌విక్ గ్రీన్ అనే ముదురాకుపచ్చ కలుపుకోవడం నేర్చుకో, నలుపుతో మొదలుపెడితే ఆ బాధే లేదు, బ్లాక్ ఫైవ్ మంచిదనడానికి ఇదొక కారణం. మసి, దుమ్ము, తుప్పు మరకలు వేసేటప్పుడు ఇంజన్ ఆరోజుల్లో ఎంత మురికిగా ఉండేదో చూసి, అందులో సగం వెయ్యి. 1968 ఆగస్టుతో అక్కడి ప్రధాన మార్గాల మీద ఆవిరి ముగిసింది, చివరి ఏళ్ల ఫొటోల్లో నంబరు కూడా కనిపించనంత మురికి ఉంటుంది.

డీసీసీ గురించి అడిగావు, అంటే ఒకే పట్టా మీద ఒక్కో ఇంజన్‌ని డిజిటల్ సంకేతాలతో విడిగా నడిపే పద్ధతి. డీసీసీ రెడీ అంటే సాకెట్ మాత్రమే, ఆ సంకేతాలు చదివే డీకోడర్ చిప్పు లేదు. అది ఎనిమిది పిన్నులదా, 21 పిన్నులదా, నెక్స్ట్18 ఆ అన్నది చూసి డీకోడర్ కొను. పాత ఇంజన్‌కి తీగలు అతకాలంటే ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగు మోటార్‌కి. మోటార్ ఏ కొనా ఛాసిస్‌కి తగలకూడదు, పాత మోటార్లలో ఒక బ్రష్షు నేరుగా ఛాసిస్‌కే ఆని ఉంటుంది, దాన్ని వేరు చేయకుండా కరెంటు పెడితే డీకోడర్ పొగ. ముందు మల్టీమీటర్ పెట్టి, 12 వోల్టుల మీద చక్రాలు ఒక్క క్షణం పట్టుకుని ఎంత లాగుతుందో చూడు, పాతవి ఒక ఆంపియర్ కూడా దాటతాయి.

మన బ్రాడ్‌గేజ్ ఇంజన్ చేద్దామని నీ మనసులో ఉంది, నాకు తెలుసు. ఆ లెక్కన పట్టా 22 మిల్లీమీటర్లు కావాలి, ఛాసిస్ అంతా చేత్తో కట్టాలి, అది పదేళ్ల తర్వాతి మాట. ఈలోగా బాక్‌మన్ కంపెనీ వాళ్ల ఓఓ9 కొలత బాల్డ్విన్ ఇంజన్ చూడు, 9 మిల్లీమీటర్ల పట్టా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం అమెరికాలో కట్టించుకున్న చిన్న ఇంజన్లు అవి, యుద్ధం అయ్యాక కొన్ని మన దేశానికి వచ్చాయి, ఉత్తరప్రదేశ్ చక్కెర మిల్లుల్లో చెరకు లాగాయి, అక్కణ్ణుంచి కొన్నిటిని మళ్లీ బ్రిటన్ వాళ్లు తీసుకెళ్లి నడుపుకుంటున్నారు. రంగు మార్చి, వెనక చెరకు బండ్లు కడితే ఎవరూ కాదనలేని భారతీయ రైలు.

ఇంజన్లని వచ్చిన స్పాంజిలో వదిలేయకు, పాత స్పాంజి మన ఎండలకి కరిగి రంగుకి అతుక్కుంటుంది. పల్చటి కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, బీరువాలో కింది అరలో పెట్టు, డాబా గదిలో వద్దు. ఫ్యాను కింద పట్టాలు పరిస్తే జుట్టూ దుమ్మూ ఇరుసులకి చుట్టుకుంటాయి, వారానికోసారి అడుగు తిప్పి చూడు.

మా పెద్దాడు లండన్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు, బ్యాగేజీలో చిన్న పెట్టెకి చోటుందన్నాడు. డిసెంబర్ మొదటి వారం లోపు నీ లిస్టు పంపు. ఒక ఇంజన్, దానికి కావాల్సిన బ్రష్షులు, ట్రాన్స్‌ఫర్లు, ఒక డీకోడర్, అంతవరకే రాయి. బిల్లులన్నీ వాడి దగ్గరే ఉండాలి, కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించాలి. మీ అమ్మకి ధర చెప్పే పని నాది కాదు.

మీ మామయ్య