టాంపన్ సంగతి తర్వాత, ముందు ఆ బ్లీడింగ్ సంగతి చూడాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. పెళ్లి కాలేదు. ఇన్నాళ్లూ ప్యాడ్లే వాడాను. ఉద్యోగంలో ప్రయాణాలు ఎక్కువయ్యాక తొడల దగ్గర ఒరుసుకుపోయి మంట పుడుతోంది. ఫ్రెండ్ చెబితే, ప్యాడ్‌లా బయట కాకుండా యోని లోపల పెట్టుకునే కాంపాక్ట్ టాంపన్లు తెచ్చుకున్నాను. ఫ్లో ఎక్కువ కదా అని ‘సూపర్’ తీసుకున్నాను. మొదటిసారి కదా, భయంతో ఐదో రోజు ప్రయత్నించాను. ఒకటి లోపలికి వెళ్లనే లేదు. ఇంకోటి వెళ్లింది కానీ కూర్చుంటే గుచ్చుకున్నట్టుంది, తీసేటప్పుడు బాగా నొప్పి పెట్టింది. నాకు మొదటి మూడు రోజులు రెండు గంటలకో ప్యాడ్ మార్చాలి, రాత్రి రెండు కలిపి పెట్టుకుంటాను. గడ్డలు పడతాయి, మొత్తం ఎనిమిది రోజులు ఉంటుంది. మా అమ్మకీ ఇంతే. ముఖ్యమైన ప్రయాణం పడితే అక్క వాడిన వాయిదా మాత్రలే మెడికల్ షాపులో తెచ్చుకుని వేసుకుంటాను. ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది. కాంపాక్ట్ టాంపన్ నాకు సరిపోతుందా? రాత్రి పెట్టుకుని పడుకోవచ్చా? పెళ్లికి ముందు వాడితే ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినవాటికి జవాబు చెప్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది టాంపన్ కాదు. రెండు గంటలకో ప్యాడ్, రాత్రి రెండేసి, గడ్డలు, ఎనిమిది రోజులు, పైగా నీరసం. ఇవన్నీ మీరు దారిలో చెప్పి వెళ్లిపోయారు. ఇంత బ్లీడింగ్ ఉన్న మనిషి ముందు ఆలోచించాల్సింది ఏ ప్రొడక్ట్ వాడాలన్నది కాదు, ఎందుకింత అవుతోందన్నది.

ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటి రక్తం పోతే ఎక్కువ కిందే లెక్క. ఇంట్లో ఎవరూ కొలవరు కాబట్టి మేం వేరే గుర్తులు అడుగుతాం. ప్యాడ్ గంటకో రెండు గంటలకో పూర్తిగా తడిసిపోతోందా, రాత్రి మార్చుకోవడానికి లేవాల్సి వస్తోందా, రెండున్నర సెంటీమీటర్లకు మించిన గడ్డలు పడుతున్నాయా, ఏడు రోజులు దాటుతోందా? మీకు వీటిలో చాలావరకు ఉన్నట్టే కనిపిస్తోంది.

“అమ్మకీ ఇంతే” అన్నారు. చాలామంది ఆడపిల్లలు ఈ మాట దగ్గరే ఆగిపోతారు, అమ్మలు కూడా. ఇంట్లో అందరికీ ఉంది కాబట్టి మామూలే అనుకుంటారు. నాకైతే ఆ మాట వింటే అనుమానం పెరుగుతుంది. రక్తం సరిగా గడ్డకట్టకపోవడం అనే సమస్య కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. వాన్ విల్లిబ్రాండ్ జబ్బు అలాంటిదే. మొదటి నెలసరి నుంచీ మీకు ఇలాగే ఉందా? పన్ను తీయించుకున్నప్పుడు రక్తం చాలాసేపు ఆగలేదా? తరచూ ముక్కు నుంచి రక్తం కారుతుందా, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుందా? వీటికి జవాబులు ఆలోచించి పెట్టుకోండి, మీ డాక్టర్ తప్పకుండా అడుగుతారు. ఇది కాకపోతే థైరాయిడ్ ఉండొచ్చు, అండం సరిగా విడుదల కాకపోవడం ఉండొచ్చు, గర్భాశయంలో ఫైబ్రాయిడో పాలిపో అనే కణితి ఉండొచ్చు. చూడకుండా ఫలానా అని నేను చెప్పలేను, చెప్పకూడదు.

నీరసం ‘కాస్త’ అని రాశారు. నెలనెలా ఇంత రక్తం పోతుంటే ఒంట్లో ఐరన్ నిల్వలు ముందు అడుగంటుతాయి, ఆ తర్వాత హిమోగ్లోబిన్ పడిపోతుంది. అందుకే హిమోగ్లోబిన్ 12 ఉంది, పర్లేదు అని ఊరుకోవడానికి లేదు. రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే సీబీసీతో పాటు ఐరన్ నిల్వలు చూసే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పొత్తికడుపు స్కానింగ్ సాధారణంగా అవసరమవుతాయి. గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా ఆ పరీక్ష కూడా చేస్తారు. అది అడిగితే చిన్నబుచ్చుకోవద్దు, మేం అందరినీ అడుగుతాం.

ఇక ఆ మాత్రలు. ఇక్కడ మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. నెలసరి వాయిదా వేయడానికి ఎక్కువగా వాడేది నార్‌ఎథిస్టిరోన్ అనే హార్మోన్. వాడినన్నాళ్లూ నెలసరి ఆగుతుంది, ఆపిన రెండు మూడు రోజులకు వస్తుంది. పని అంత తేలిగ్గా అయిపోతోంది కాబట్టే చాక్లెట్లు పంచుకున్నట్టు అక్క నుంచి చెల్లికి, ఫ్రెండ్ నుంచి ఫ్రెండ్‌కి వెళ్లిపోతోంది. డాక్టర్ సలహాతో వాడితే అది మంచి మందే, నేనూ రాస్తాను. కానీ రాసే ముందు అడగాల్సినవి అడుగుతాను. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఇంట్లో ఎవరికైనా అలా అయిందా, లివర్ జబ్బు ఉందా, కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్ ఉందా, బీపీ ఉందా? ఈ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అందుకే రక్తం గడ్డకట్టే ముప్పు గురించి అంతలా అడుగుతాం. మీ అక్కని అడిగిన ప్రశ్నలు మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వకూడదు. మీది అదే పరిస్థితి. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు కూడా ఇలాగే చేతులు మారుతుంటాయి. హార్మోన్ మాత్రలు వేసుకుంటూ సొంతంగా వాటినీ కలిపేస్తే గడ్డకట్టే ముప్పు ఇంకా పెరగొచ్చు. దయచేసి పరీక్ష అయ్యేదాకా రెండూ ముట్టుకోవద్దు. ప్రయాణాలు మళ్లీ వస్తాయి. మాత్ర వేసుకుని ఆ నెల గట్టెక్కేసరికి డాక్టర్ దగ్గరికి వెళ్లే ఆలోచన కూడా వెనక్కి పోతుంది. ఇన్ని నెలలూ మీకు జరిగింది బహుశా అదే.

సరే, టాంపన్. కాంపాక్ట్ అంటే లోపలి టాంపన్ చిన్నది అనుకోవద్దు. చిన్నగా ఉండేది దాన్ని లోపలికి పెట్టే అప్లికేటర్ గొట్టమే. అందులో తోసే గొట్టం పైదాంట్లోకి దూరి ఉంటుంది. వాడే ముందు దాన్ని కిందికి పూర్తిగా లాగాలి, టక్‌మని ఆగేదాకా. లాగకుండా నొక్కితే టాంపన్ కదలదు. మీ మొదటిది వెళ్లకపోవడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. చేతులు కడుక్కుని, గొట్టం మీద గీతలున్న చోట బొటనవేలు, మధ్యవేలితో పట్టుకోండి. నిటారుగా పైకి కాకుండా నడుము వెనక వైపు ఏటవాలుగా, పట్టుకున్న వేళ్లు ఒంటికి తగిలేదాకా పోనివ్వండి. అప్పుడు చూపుడువేలితో కింది గొట్టాన్ని తోసి, గొట్టాలు రెండూ బయటికి తీసేయండి. దారం బయట వేలాడుతూ ఉండాలి. సరిగ్గా కూర్చుంటే అది ఉన్నట్టే తెలియదు. గుచ్చుకుంటోందంటే యోని గుమ్మం దగ్గరే ఆగిపోయిందని అర్థం. తీసేసి కొత్తది పెట్టుకోవాలి.

తీసేటప్పుడు నొప్పికి కారణం మీరు ఎంచుకున్న రోజు. ఐదో రోజు ఫ్లో తగ్గి ఉంటుంది, మీరు పెట్టుకున్నది 9 నుంచి 12 గ్రాములు పీల్చే సూపర్. తడి చాలక అది పొడిగా అంటుకుపోయి ఉంటుంది. రోజును బట్టి సైజు మార్చాలి, ఫ్లోకి సరిపడే వాటిలో అన్నిటికన్నా తక్కువది వాడాలి. ఫ్లో ఉన్న రోజున, టెన్షన్ లేకుండా, 6 నుంచి 9 గ్రాముల రెగ్యులర్‌తో మొదలుపెట్టండి. భయంతో బిగుసుకుంటే కండరాలూ బిగుసుకుంటాయి. నాలుగైదుసార్లు చూసినా వెళ్లకపోతే బలవంతం చేయొద్దు, పరీక్ష చేయించుకోండి. కొందరికి కన్నెపొరలో అడ్డంగా చిన్న పోగు ఉంటుంది, కొందరికి కండరాలే పట్టేస్తాయి. రెంటికీ చికిత్స ఉంది.

పెళ్లికి ముందు వాడొచ్చు. కన్నెపొర సాగే గుణం ఉన్నది, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని చూసి కన్నెతనాన్ని ఎవరూ తేల్చలేరు. అలాంటి పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఈ దిగులు పక్కన పెట్టండి.

రాత్రి మాత్రం ప్యాడే మేలు. టాంపన్ నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో మార్చాలి, ఎనిమిది దాటకూడదు. మీ ఫ్లోకి అది ఎలాగూ అంతకన్నా ముందే నిండిపోతుంది. రెండు కలిపి పెట్టుకోవడం ప్యాడ్లతో చేశారు, టాంపన్లతో ఎప్పుడూ చేయొద్దు. తెల్లబట్ట కోసమూ, నెలసరి లేని రోజుల్లోనూ పెట్టుకోవద్దు. ఎక్కువసేపు వదిలేస్తే అరుదుగా టాక్సిక్ షాక్ సిండ్రోమ్ వస్తుంది. స్టెఫిలోకాకస్ బాక్టీరియా వదిలే విషం వల్ల వచ్చేది. 1980లో అమెరికాలో విపరీతంగా పీల్చే టాంపన్ల వల్ల ఈ కేసులు పెరిగాకే అందరూ జాగ్రత్త పడ్డారు. టాంపన్ ఉండగా ఉన్నట్టుండి 102 డిగ్రీల జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఒంటి మీద ఎర్రదనం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే తీసేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, టాంపన్ వాడుతున్నట్టు చెప్పండి. జ్వరం మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఒరుపు తగ్గాలంటే వాసన లేని మెత్తటి ప్యాడ్లు, తడిసిన వెంటనే మార్చుకోవడం, అంతే. రక్తాన్ని పీల్చే పీరియడ్ ప్యాంటీలు టాంపన్‌కి తోడుగా బాగుంటాయి. లోపల పెట్టుకుని రక్తాన్ని పట్టే మెన్‌స్ట్రువల్ కప్ పన్నెండు గంటల దాకా ఉంచుకోవచ్చు. టాంపన్ అలవాటైతే అదీ తేలికే, కొన్నిటి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి కాబట్టి ఎంత పోతోందో మాకూ తెలుస్తుంది.

ఈ నెల నుంచి ఏ రోజు ఎన్ని మార్చారో, గడ్డలు ఎంతెంత పడ్డాయో ఫోన్‌లో రాసుకోండి. అలాగని అది పూర్తయ్యేదాకా ఆగొద్దు, ఈ వారంలోనే గైనకాలజిస్ట్‌ని కలవండి. గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు వరుసగా తడిసినా, నిలబడితే కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెళ్లిపోండి. మీ అక్క మాత్రల స్ట్రిప్ మిగిలి ఉంటే పారేయకుండా పట్టుకెళ్లండి. ఏ మందు, ఎంత డోసు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో మీ డాక్టర్‌కి తెలియాలి.