ఈ రోజు ఎక్కడ పనిచేశావు?

చెల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం, దానితో పంపిన వ్యాసం రెండూ చదివాను. నాకు వ్యాసం కన్నా ఉత్తరమే ఎక్కువ నచ్చింది. ఎందుకో చెబుతాను.

నర్సుగా మూడేళ్లు పడిన కష్టాలు రెండు పేజీలు రాసి, చివర్లో ప్రమోషన్ వచ్చిందని, అది దేవుని ఆశీర్వాదమని ముగించావు. అది తప్పని అనను. దేవునికి స్తుతి చెప్పాల్సిందే. కానీ ఆ మూడేళ్లూ ఆయన ఎక్కడో దూరంగా ఉండి, ఆర్డరు కాగితం వచ్చిన రోజునే నీ దగ్గరికి వచ్చినట్టు ఉంది చదువుతుంటే. ప్రమోషన్ రాని నీ తోటి నర్సు ఇది చదివితే తన డ్యూటీ గురించి ఏమనుకోవాలి? రాసేటప్పుడు ఆమెని మనసులో పెట్టుకో.

ఉత్తరంలో మాత్రం, ఇంకేదో చెబుతూ మధ్యలో ఒక సంగతి రాశావు. రాత్రంతా నిద్ర పట్టని ఒక పెద్దాయనకి తెల్లవారుజామున తడిసిన దుప్పటి మార్చి, పక్కకి తిప్పి పడుకోబెడితే, నీ చెయ్యి పట్టుకునే నిద్రపోయాడన్నావు. అప్పుడు ఎందుకో అలసట తెలియలేదన్నావు. అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను.

రూతు గ్రంథం రెండో అధ్యాయం ఈసారి రచయిత్రిగా చదువు. భర్త పోయిన పరదేశి అమ్మాయి కోతవాళ్ల వెనక రాలిన కంకులు, అంటే పరిగె, ఏరుకుంటోంది. ఆమె వెళ్లిన చేను మామగారి బంధువు బోయజుదని కథకుడు మామూలుగా చెప్పి ముందుకెళ్లిపోతాడు. దేవుడే నడిపించాడని అక్కడ రాయడు. బోయజేమో పనల్లోంచి పిడికెళ్లు కావాలనే లాగి ఆమె కోసం పడెయ్యమని పనివాళ్లకి చెబుతాడు. ఆ మాట మనం వింటాం కానీ, రూతుకి చెప్పినట్టు ఎక్కడా కనబడదు. ఆమె సాయంత్రం దాకా ఏరుకుని దుళ్లగొడితే ఇంచుమించు తూమెడు యవలయ్యాయి. నడుము నొప్పి ఆమెదే, ఆ పిడికెళ్లు మాత్రం ఎవరో ఆమె కోసం విడిచిపెట్టినవి. మన పనిలో ఆశీర్వాదం చాలాసార్లు ఇలాగే ఉంటుందని నా నమ్మకం. మన చెమటలో కలిసిపోయి ఉంటుంది, అందుకే విడిగా కనబడదు.

ఇంటికొచ్చాక అత్త నయోమి అడుగుతుంది, నేడు ఎక్కడ ఏరుకున్నావు, ఎక్కడ పనిచేశావు అని. బోయజు పేరు వినగానే యెహోవాని తలుచుకుంది. అంతకుముందు అధ్యాయంలో యెహోవా నన్ను వట్టి చేతులతో తిరిగి రప్పించాడని బాధపడింది ఈమే. చేలో అడుగు పెట్టని మనిషి, ఒక్క ప్రశ్న అడిగి, అందులో దేవుని చేతిని గుర్తుపట్టింది.

నేను చాలా ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. రాయడమే దేవుడిచ్చిన పని, ఇది పొట్టకూటి పని అనుకునేదాన్ని. ఒకసారి నేను వదిలేసిన పెద్ద తప్పుని కంపోజింగ్ చేసే అతను పట్టుకుని సరిచేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. కొన్ని నెలల తర్వాత మాటల మధ్య బయటపడింది. ఆ రాత్రి నుంచి పడుకునే ముందు నయోమి అడిగినదే నన్ను నేను అడుక్కోవడం మొదలుపెట్టాను. నోటుబుక్కులో రెండు వాక్యాలు, ఏం జరిగింది, ఎవరు చేశారు, అంతే. 'ఆశీర్వాదం' అన్న మాట వాడకూడదని నియమం పెట్టుకున్నాను. ఏమీ కనబడని రోజులు చాలా ఉండేవి, అప్పుడు తేదీ వేసి ఖాళీగా వదిలేసేదాన్ని. నువ్వూ అలాగే వదిలెయ్యి. లేనిది కల్పించి దేవుని పేరు మీద రాయొద్దు.

ఇంకొకటి. వరసగా రెండు షిఫ్టులు చేయించడాన్ని 'దేవుడు నేర్పిన ఓర్పు' అన్నావు. ఆ మాట తీసెయ్యి. చెరసాలలో యెహోవా యోసేపుకి తోడుగా ఉన్నాడని ఆదికాండం 39లో ఉంది. తర్వాతి అధ్యాయంలోనే, ఇక్కడ వెయ్యడానికి నేనేమీ చెయ్యలేదు, రాజైన ఫరోతో చెప్పి నన్ను బయటికి రప్పించమని, రాజుకి పానీయం అందించే పానదాయకుల అధిపతిని అడిగాడు అదే యోసేపు. దేవుడు తోడున్నాడని అన్యాయాన్ని అన్యాయం అనడం మానలేదు. నువ్వూ రెండూ రాయి.

సూది ఒక్కసారికే నరం దొరికే నీ చేతి నేర్పు గురించి రాయడానికి మొహమాటపడ్డావు. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు లోహంతో, రాయితో, కర్రతో పనిచేసే మనిషి. ఆ నేర్పు తనిచ్చిందేనని దేవుడే చెప్పాడు. మొహమాటం లేకుండా రాయి.

వ్యాసం దుప్పటి దగ్గర మొదలుపెట్టు. ఆ వార్డులో వెలుతురు ఎలా ఉంది, పట్టుకున్న ఆయన చెయ్యి ఎంత బరువుగా ఉంది, నువ్వు ఎంతసేపు అలాగే నిలబడ్డావు, అవి రాయి. ఆయన ఎవరో తెలిసిపోయే వివరాలు మాత్రం వద్దు. బైబిలు వచనాలు అన్నేసి అక్కర్లేదు, ఒక్కటి చాలు. ప్రమోషన్ మాట ఒక వాక్యంలో వస్తే రానీ.

నైట్ డ్యూటీలు అయ్యి, కంటినిండా నిద్రపోయి లేచాకే కూర్చుని రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
అక్క