ఎమ్మారైలో కనిపించిందంతా క్షయ కాదు

రాయగడ అన్నగారికి నమస్కారం. మీ తమ్ముడికి ఏళ్లుగా ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లవాపు జబ్బు) ఉందని, బండి మీంచి పడ్డాక నొప్పి పెరిగిందని, ఎమ్మారై చూసి వెన్నెముక క్షయ అని మందులు మొదలుపెట్టమన్నారని రాశారు. కాళ్లలో బలం తగ్గకుండా, జ్వరం లేకుండా ఉంటే, మందుకు ముందు నిర్ధారణ కావాలని గట్టిగా అడగండి.

ఈ జబ్బులో వెన్నుపూసలు అతుక్కుని వెదురుబొంగులా బిగుసుకుపోతాయి. చిన్న దెబ్బకే విరగవచ్చు. విరిగినచోట కదలిక ఆగక డిస్కు, చుట్టూ ఎముక దెబ్బతింటాయి. దీన్నే ఆండర్సన్ లీజన్ అంటారు, 1937లోనే వర్ణించారు. పడకుండానే, వాపు వల్ల కూడా రావచ్చు. ఎమ్మారైలో ఇన్‌ఫెక్షన్‌లాగే కనబడుతుంది, రక్తంలో వాపును తెలిపే సీఆర్పీ రెండింటిలోనూ పెరగవచ్చు. అందుకే పొరపడతారు.

సీటీ తీయించండి. విరిగిన చీలిక వెన్నుపూస వెనక భాగం దాకా సాగితే ఆండర్సన్ వైపు, పక్కన చీముగడ్డ ఉంటే ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గాలి. తేలకపోతే సూదితో ముక్క తీసి కల్చర్ (క్రిమిని పెంచి చూడటం), జీన్‌ఎక్స్‌పర్ట్ (క్షయ క్రిమిని పట్టే పరీక్ష), కణజాల పరీక్షలకు పంపాలి. యాంటీబయాటిక్స్ ముందే వాడితే కల్చర్‌లో క్రిమి దొరకడం కష్టం.

ఈ జబ్బుకు వాపు తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్ వాడుతుంటే తప్పక చెప్పండి. దానితో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. అప్పుడు క్షయ అనుమానం న్యాయమే.

ఈలోగా నడుము తొక్కించడం, మర్దన వద్దే వద్దు. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా ఆ రోజే బరంపురమో విశాఖపట్నమో, వెన్నెముక శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పడుకోబెట్టే తీసుకెళ్లాలి, మెడ, నడుము కదలకుండా.