ఎనిమిది కెమెరాలు సరే, రేపటి ఖర్చుకు డబ్బేది?

ప్రశ్న: గత నెల మా వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. అప్పటి నుంచి మాకు కంటి నిండా నిద్ర లేదు. 8 కెమెరాలు (అన్నీ 4కే, అంటే చాలా స్పష్టమైన దృశ్యం ఇచ్చేవి), రికార్డర్, 1 టెరాబైటు హార్డ్ డిస్క్‌కు ఒకరు కొటేషన్ ఇచ్చారు. అది నా నెలన్నర జీతంతో సమానం. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇంటికి రెండే దారులున్నాయి. నగదు చెల్లిస్తే 8 శాతం తగ్గిస్తారట. లేదంటే క్రెడిట్ కార్డుపై 12 నెలల వడ్డీ లేని వాయిదాలు, 2 శాతం ప్రాసెసింగ్ రుసుము. పొదుపంతా తీసి, తక్కువ పడిన మొత్తానికి ఫోను యాప్‌లో అప్పు తీసుకోవాలా, వాయిదాలు ఎంచుకోవాలా? అంతకంటే చవకగా దొరికే మంచి సెట్ ఏదైనా ఉందా? ఇంటి అప్పుతో పాటు తీసుకున్న బీమా ఉంది. బ్యాంకులో నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది.

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరం అసలు ప్రతిలో మూడు కంపెనీల పేర్లు, అయిదు మోడళ్ల వివరాలు ఉన్నాయి. స్థలం చాలక వాటిని తీసేశాను. బ్యాంకులో ఉన్న డబ్బు గురించి రాసింది మాత్రం ఒకే వాక్యం, అదీ చిట్టచివర. ఇన్ని ఉత్తరాల్లో మీదాన్నే ఎంచుకోవడానికి ఆ వాక్యమే కారణం. భయం పుట్టిన నెలలోనే పెద్ద వస్తువు కొనేయడం, అందుకోసం ఉన్న కాస్త నిల్వనూ ఊడ్చేయడం నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో పదే పదే చూస్తున్న పొరపాటు. కొన్నది పనికిరానిది కాకపోవచ్చు. కానీ కొన్న తీరు ఆ ఇంటిని ముందుకన్నా బలహీనం చేస్తుంది.

మీ మొదటి ఆలోచన ప్రకారమే చేశారనుకుందాం. కెమెరాలు బిగించారు, ఖాతాలో ఏమీ మిగల్లేదు. వచ్చే నెల నిజంగానే దొంగ వచ్చాడు. వెనుక తలుపు గడియ ఊడింది, ల్యాప్‌టాప్ పోయింది. ఫోనులో వాడి వీపు చక్కగా కనిపిస్తోంది. అదే రోజు చీకటి పడేలోగా తలుపు బాగుచేయించాలి, తాళాలన్నీ మార్చాలి. ఫిర్యాదు పనికి సెలవు పెట్టాలి. ఉద్యోగానికి ఇంకో ల్యాప్‌టాప్ కావాలి. వీటిలో ఒక్కదానికీ కెమెరా డబ్బివ్వదు. మళ్లీ ఆ యాప్ గడపే తొక్కుతారు.

పోనీ, దొంగ రాలేదు. ఉద్యోగం పోయింది, లేదా ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో చేరారు. ఇంటి అప్పు వాయిదా ఆగదు, కెమెరాల వాయిదా ఆగదు. గోడ మీది కెమెరాలను అమ్ముకుందామన్నా బిగించిన కూలి, లాగిన వైరు తిరిగి రావు.

అందుకే ముందు అత్యవసర నిధి సంగతి. కనీసం 3 నెలల ఖర్చులు, సంపాదించేది ఒక్కరే అయితే 6 నెలలవి చేతికందేలా ఉండాలి. ఖర్చులంటే బియ్యం, బిల్లులే కాదు; ఇంటి అప్పు వాయిదా, బీమా ప్రీమియాలు, పిల్లల ఫీజులు కూడా. మీరు చెప్పిన నెలన్నరలో ఇంటి అప్పు వాయిదాను లెక్కపెట్టారా? నాకు అనుమానమే, చాలామంది పెట్టరు. పెట్టారనే అనుకున్నా, మీ దగ్గర ఉన్నది కనీస నిధిలో సగం. ఆ సగాన్ని కెమెరాల కోసం ముట్టుకోవద్దు. తగ్గింపు 8 శాతం కాదు, 18 శాతం ఇచ్చినా ముట్టుకోవద్దు. ఆ డబ్బును రోజూ వాడే ఖాతాలో ఉంచకుండా, ఒక రోజులో తీసుకోగలిగే వేరే ఖాతాలోకి ఈ వారమే మార్చండి. కంటికి కనిపిస్తే కొటేషన్లు ఆకర్షిస్తాయి.

ఇక వడ్డీ లేని వాయిదాలు. నగదు ఇచ్చేవారికి ధర 92, వాయిదాల్లో కట్టేవారికి 100 అయినప్పుడు ఆ 8 వడ్డీ కాక మరేమిటి? 92 విలువైన వస్తువుకు 12 నెలలు సమానంగా 100 కడితే, తగ్గుతూ పోయే బాకీపై లెక్కవేసిన వడ్డీ ఏడాదికి 15 శాతం దాటుతుంది. ముందే వసూలు చేసే 2 శాతం రుసుమును కలిపితే దాదాపు 20కి చేరుతుంది. మధ్యలో ఒక నెల కార్డు బిల్లు తప్పిందా, కథ మారిపోతుంది. నెలకు 3 శాతం వేసే కార్డుపై చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది.

యాప్ అప్పు గురించి ఎక్కువ రాయాలని లేదు. 100 మంజూరు చేసి, రుసుము కింద 10 పట్టుకుని 90 చేతిలో పెట్టి, 30 రోజుల్లో 100 కట్టమంటే అది ఏడాదికి 133 శాతం వడ్డీ. ఇలాంటి అప్పులు ఇచ్చే కొన్ని యాప్‌లు మీ ఫోనులోని పేర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి కూడా అడుగుతాయి. ఇంటి మీద నిఘా కోసం బయలుదేరి, ఫోను తాళం అపరిచితుల చేతిలో పెడతారా? ఆ యాప్‌ను తీసేయండి. ఈ జవాబు చదవడం పూర్తయ్యాక కాదు, ఇప్పుడే.

బీమా ఉందన్నారు. ఒకసారి కాగితం తీసి చూడండి. ఇంటి అప్పుతో పాటు ఇచ్చే పాలసీ చాలా సందర్భాల్లో ఇంటి భవనానికే వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, వరద వంటివాటికి. బీరువాలోని నగలకు, ల్యాప్‌టాప్‌కు, టీవీకి వర్తించకపోవచ్చు. ఇంట్లోని వస్తువులకు, దొంగతనానికి వేరే రక్షణ ఉంటుంది. తీసుకునేటప్పుడు రెండు విషయాలు అడగండి: తలుపు పగలగొట్టిన ఆనవాలు లేకపోయినా క్లెయిము ఇస్తారా, నగలకు పరిమితి ఎంత? విలువైన వస్తువుల బిల్లులు, ఫొటోలు, క్రమ సంఖ్యలు ఇంటి బయట ఎక్కడైనా దాచండి. సాయంత్రం గంటసేపు కూర్చుంటే అయిపోయే పని ఇది. క్లెయిము రోజున రెండో కెమెరా కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇంత చెప్పి కెమెరానే వద్దంటే మీరు వినరని తెలుసు. నిద్ర పట్టకపోవడం కూడా చిన్న సమస్య కాదు. అయితే ఖర్చుకు ఒక గీత గీద్దాం: నెల జీతంలో పదో వంతు. అదీ ఈ నెల, వచ్చే నెల జీతాల్లోంచి, అప్పు లేకుండా. ఆ డబ్బులో మొదటి వాటా తాళాలకు, గడియలకు. వెనుక తలుపు గడియ సన్నని రేకుదైతే, దాని ఎదురుగా ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా అది విరగడాన్ని చిత్రీకరించడమే. తర్వాత మనిషి కదిలితే వెలిగే లైట్లు. ఆ తర్వాతే కెమెరాలు, రెండు చాలు: ముందు గుమ్మానికి ఒకటి, వెనుక తలుపుకు ఒకటి. ఇంటికి రెండే దారులున్నాయని మీరే రాశారు. మిగిలిన ఆరు దేనికి? డాబా మీది నీళ్ల ట్యాంకును చూడటానికా?

4కే మోజు కూడా వదిలేయండి. మీ కొటేషన్‌లో నాకు నవ్వు తెప్పించింది ఆ హార్డ్ డిస్క్. 4కే కెమెరా సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే 86 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిదింటికి కలిపి రోజుకు 690. అంటే మీ 1 టెరాబైటు (1000 గిగాబైట్లు) డిస్క్ ఒకటిన్నర రోజుకే నిండి, పాత దృశ్యాల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. వారం ఊరెళ్లి తిరిగొచ్చేసరికి మొదటి అయిదు రోజులు మాయం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ఆ మొరుగు కూడా వినిపించదు. అదే 4కే కన్నా తక్కువ స్పష్టత ఉన్న 1080పీ కెమెరాలు రెండు, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజుకు 43 గిగాబైట్లే రాస్తాయి. అదే డిస్క్ మూడు వారాలకు పైగా సరిపోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది.

ముఖం తెలియాలంటే మెగాపిక్సెళ్ల కన్నా లెన్సు ముఖ్యం. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం, 2014 నాటి ఐఈసీ 62676-4, అపరిచితుడి ముఖం గుర్తించడానికి దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (దృశ్యాన్ని కూర్చే చుక్కలు) కావాలంది. ఎక్కువ సెట్లలో వచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. 5 మీటర్ల దూరంలో అది 12 మీటర్ల వెడల్పు. 1080పీలో అడ్డంగా 1920 పిక్సెళ్లే కాబట్టి మీటరుకు 160 వస్తాయి, చాలవు. అదే 1080పీకి 6 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే చూపు 50 డిగ్రీలకు కుదించుకుని, అదే దూరంలో మీటరుకు 400 పిక్సెళ్లు దాటుతాయి. గుమ్మం వరకు చూస్తే చాలనుకునే చోట సన్నని చూపు లెన్సు అడగండి. 4కే ధర పెట్టాల్సిన పని లేదు. చూరు కింద మరీ ఎత్తున బిగించనివ్వకండి, వచ్చినవాడి టోపీ తప్ప ఏమీ కనిపించదు.

వైఫై కెమెరా అయితే వైర్ల ఖర్చు తగ్గుతుంది, మీ బడ్జెట్‌కు అదే దారి. దానిలో వేసే మెమరీ కార్డు మాత్రం నిరంతర రికార్డింగ్ కోసం చేసినదై ఉండాలి. ఫోన్ల కోసం చేసిన మామూలు కార్డులు ఆ ఒత్తిడికి త్వరగా పాడవుతాయి. 128 గిగాబైట్ల కార్డు, ఒక్క 1080పీ కెమెరాకు పైన చెప్పిన లెక్కన రోజంతా రికార్డు చేస్తే అయిదారు రోజులు ఉంటుంది. కెమెరాను పీక్కుపోతే కార్డూ పోతుంది కదా అంటారా, నిజమే. కదలిక కనిపించగానే ఫోనుకు ఫొటో పంపే సదుపాయం ఉన్నదే తీసుకోండి, ఆ ఫొటో అయినా మీ దగ్గర మిగులుతుంది. కరెంటు పోతే రౌటర్‌తో పాటు అన్నీ ఆగిపోతాయి కాబట్టి రౌటర్‌కు, కెమెరాకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టండి. ఆన్‌విఫ్ ప్రమాణాన్ని (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా చేసేది) పాటించే కెమెరా తీసుకుంటే రేపు నిధి పూర్తయ్యాక వేరే కంపెనీ రికార్డర్‌ను కలుపుకోవడం తేలిక.

దృశ్యాలను కంపెనీ సర్వర్లలో దాచే క్లౌడ్ చందా మొదటి నెలలు ఉచితమంటే కార్డు వివరాలు ఇవ్వకండి. నెలనెలా పోయే చిన్న మొత్తాన్ని 60తో గుణించి చూడండి. అయిదేళ్లలో అది కెమెరా ధరను మించిపోవడం మామూలే. చందా లేకపోతే పాత దృశ్యాలు చూపించని కెమెరాలూ ఉన్నాయి, డబ్బాపై చిన్న అక్షరాలు చదివి కొనండి. బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (పరికరాల్లో చొరబడే హానికర ప్రోగ్రాం) లక్షల పరికరాలను చేజిక్కించుకున్నది కంపెనీ పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్లే. వాటిలో ఇంటి కెమెరాలు కూడా చాలా ఉన్నాయి. కెమెరా చూపు పక్కింటి కిటికీ మీద పడకుండా చూసుకోండి, గొడవల ఖర్చు దేనిలోనూ లెక్కకు రాదు.

కొటేషన్ ఇచ్చినవారికి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు. ఇవ్వకండి. ఈ వారంలో చెప్పకపోతే ధర పెరుగుతుందని వారు అంటే పెరగనివ్వండి. కట్టాల్సి వచ్చేదనుకున్న ఆ 12 వాయిదాలను అదే తేదీన, అదే మొత్తంలో మీ నిధి ఖాతాకు మళ్లించండి. వాయిదా మోయగలిగినవారు పొదుపూ మోయగలరు. మీ ఖర్చులు నెల జీతంకన్నా ఎక్కువ కాకపోతే, ఏడాది తిరిగేసరికి ఆ నెలన్నరకు ఇంకో నెలన్నర కలిసి 3 నెలల నిధి సిద్ధమవుతుంది. మూడో కెమెరా కావాలో వద్దో అప్పుడు అడగండి, సంతోషంగా జవాబిస్తాను.

ఉత్తరం అంచున పెన్సిల్‌తో రాసిన ఇంకో ప్రశ్న ఉంది: రెండు నిజమైనవి, మిగతావి ఉత్తుత్తి కెమెరాలు పెట్టవచ్చా అని. పెట్టవచ్చు, ఖర్చు తక్కువే. కానీ ఒక వైరైనా లేకుండా పగలూ రాత్రీ ఎర్ర దీపం మెరిపించే డబ్బాను కాస్త తెలిసినవాడు ఇట్టే పసిగడతాడు. ఆ డబ్బుతో పక్క సందులోకి ఇంకో లైటు కొనండి.